ఎర్ర తెర వెనక సంగతులు

నీలం తెర మగవాళ్ళది, ఎర్ర తెర ఆడవాళ్ళది. ఆ రెంటి మధ్య గోడకు ఆనుకుని, ఒక చేత్తో రెండు తువ్వాళ్ళు, ఇంకో చేత్తో ఏడేళ్ళ కూతుర్ని పట్టుకుని కువానో షుంపే నిలబడి ఉన్నాడు. నగోయాలో ఒక హైస్కూల్లో రసాయనశాస్త్రం చెప్పే మేష్టారు. క్లాసునిండా ఉన్న కుర్రాళ్ళను ఒక్క చూపుతో కూర్చోబెట్టగలడు. ఒక్క పిల్లకు స్నానం చేయించే దారి మాత్రం కనబడటం లేదు.

గోడమీద నోటీసు అంటించి ఉంది. "ఏడేళ్ళు నిండిన బాలబాలికలు తమ తమ స్నానశాలలకే వెళ్ళవలెను. మీ సహకారమునకు కృతజ్ఞతలు." కింద టోపీ పెట్టుకున్న కప్పబొమ్మ ఒకటి పళ్ళికిలిస్తోంది. కప్పలు అలా నవ్వవని షుంపేకి తెలుసు. అయినా అది తనను చూసే నవ్వుతోందనిపించింది.

కోతోనెకి పోయిన నెలే ఏడు నిండాయి. కేకు కోసి, కొవ్వొత్తులు ఆర్పి, ఫొటోలు తీసి అత్తగారికి పంపినప్పుడు ఈ సంగతి అతనికి తట్టలేదు. అత్తగారికి తట్టే ఉంటుంది. ఆవిడకు అన్నీ ముందే తడతాయి.

"నాన్నా, ఇంటికెళ్ళి చేద్దామా స్నానం?"

"ఇల్లు ఇక్కడుందా తల్లీ."

"అయితే నాకు ఆరేళ్ళని చెప్పు."

"అబద్ధం చెప్పకూడదు."

"అమ్మమ్మతో ఫోన్లో చెప్తావుగా, రోజూ కూరగాయలు తింటున్నామని."

అంతలో నడవా మలుపులో ఒకామె కనిపించింది. పొట్టి జుట్టు, భుజాన తువ్వాలు, నడకలో ఒక తీర్పు. మలుపు దగ్గర ఆగి, చూపుడువేలు కుడివైపు చాచి "కుడి, ఖాళీ" అంది. ఎడమవైపు చాచి "ఎడమ, ఖాళీ" అనబోయి వీళ్ళను చూసి, "ఖాళీ కాదు. ఇద్దరున్నారు" అని సరిదిద్దుకుంది.

"క్షమించాలి," అన్నాడు షుంపే. "మీరు సెలవుల్లో విశ్రాంతిగా ఉన్న సమయంలో, ముక్కూ మొహం తెలియని నేను, ఇలా అడ్డం వచ్చి, చాలా సిగ్గుగా ఉంది కానీ, ఒకవేళ మీకు ఇబ్బంది కాకపోతే..."

"ఇంకా ఎన్నున్నాయి?"

"ఏవండీ?"

"క్షమాపణలు. లోపల నీళ్ళు చల్లారిపోతాయి."

షుంపే కూతుర్ని కాస్త ముందుకు జరిపాడు. "మా అమ్మాయిని మీతో లోపలికి తీసుకెళ్ళగలరా?"

"వాళ్ళమ్మ?"

"లేదు."

"రాలేదా?"

"లేదు. నాలుగేళ్ళయింది."

ఆమె అయ్యో అనలేదు. తల పక్కకు వాల్చి జాలి చూపు చూడలేదు. నాలుగేళ్ళుగా ఆ చూపులు మోసి మోసి అలసిన షుంపేకి అదే ఒక గ్లాసు మంచినీళ్ళు తాగినట్టనిపించింది. ఆమె వంగి పిల్ల మొహంలోకి చూసింది.

"నీ పేరేంటి?"

"కోతోనె. మీరు అక్కా, పిన్నిగారా?"

"నీ తల ఎంత గట్టిగా రుద్దాలన్నది దానిమీదే ఆధారపడి ఉంటుంది. ఆలోచించి చెప్పు."

కోతోనె ఆలోచించింది. "అక్క."

"బతకనేర్చిన పిల్ల. పద." తెర ఎత్తబోతూ వెనక్కి తిరిగింది. "మీరు ఇక్కడే నిలబడతారా? ఆడవాళ్ళ స్నానాల గది ముందు మగమనిషి కాపలా కాస్తుంటే లోకం దాన్ని పితృప్రేమ అనుకోదు."

షుంపే పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు.

వాళ్ళు దిగిన యూత్ హాస్టల్ సిన్షూ కొండల్లో, చెరువుకు ఎగువన ఉంది. గేటు దగ్గర బోర్డుమీద "కుటుంబాలకు అనువైనది" అని రాసి ఉంటుంది. అంటే గోడలు పలచన అని అర్థం. పక్కగదిలో కవలలు కొట్టుకుంటే ఈ గదిలోవాళ్ళకు మెలకువ వస్తుంది. ఎవరి పక్క వాళ్ళే వేసుకోవాలి, ఎవరి గిన్నె వాళ్ళే కడుక్కోవాలి. పక్క వేసుకుని గిన్నెలు కడుక్కోవడానికి డబ్బిచ్చి మరీ ఇంతదూరం రావడాన్ని జనం విహారం అంటారు. యజమాని త్సుచియా గారిని అందరూ యూత్ హాస్టళ్ళ పాత అలవాటు ప్రకారం 'పేరెంట్ గారు' అనే పిలుస్తారు. ఆయన కంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా. సాయంత్రం ఎవరు బయటినుంచి వచ్చినా "ఇంటికొచ్చారా, రండి రండి" అంటాడు. మొదటిసారి వచ్చినవాళ్ళతోనూ అదే మాట. భోజనాలయ్యాక అందరినీ చుట్టూ కూర్చోబెట్టి, చిన్న గిటారులాంటి ఉకులేలే ఒకటి పట్టుకుని మూడు పాటలు పాడతాడు. ముప్ఫై ఏళ్ళుగా అవే మూడు పాటలు. అతిథులు మారుతుంటారు కాబట్టి పాటలు బతికిపోతున్నాయి.

షుంపే ఇక్కడికి విహారానికి రాలేదు, పరీక్ష రాయడానికి వచ్చాడు.

అత్తగారు కియోఎ తోయామాలో ఒంటరిగా ఉంటుంది. వేసవి మొదట్లో ఫోన్ చేసి, ఊపిరి తీసుకోకుండా చెప్పింది. "నువ్వు మంచివాడివే అల్లుడూ, కాదనను. కానీ ఆడపిల్ల పెద్దదవుతోంది. రేపు స్నానానికి కూడా నువ్వు తీసుకెళ్ళలేని రోజొస్తుంది. అప్పుడేం చేస్తావు? పిల్లని నాకిచ్చెయ్. సెప్టెంబరు నుంచి ఇక్కడి బడిలో వేస్తాను." షుంపే తడబడి, కొంత గడువడిగాడు. సెలవుల చివరి వారం తను, కూతురు ఎక్కడికైనా వెళ్ళి ఉంటారు. శనివారం ఆవిడ అక్కడికే వచ్చి తన కళ్ళతో చూడొచ్చు. పిల్లని తను సరిగ్గా పెంచుతున్నట్టు కనిపించకపోతే, అక్కడినుంచే తోయామా తీసుకెళ్ళిపోవచ్చు. అలా మాటిచ్చాడు. మాటిచ్చేటప్పుడు గట్టిగానే ఇచ్చాడు. ఇప్పుడు మొదటి సాయంత్రమే ఎర్ర తెర ముందు దొరికిపోయాడు.

భోజనాల గదిలో మూల బల్ల దగ్గర కూర్చుని ఎదురుచూస్తుంటే ఇద్దరూ వచ్చారు, ఉడికిన రొయ్యల్లా ఎర్రగా. కోతోనె జుట్టు నున్నగా దువ్వి ఉంది. ఆమె షుంపేని పైనుంచి కిందికి ఓసారి చూసింది.

"కువానో గారూ, తలుపు గొళ్ళేనికి తాడు కట్టి జడ ప్రాక్టీసు చేస్తారటగా."

షుంపే చెవులు కాలాయి. "కోతోనె..."

"బావుంది. మా ఊళ్ళో ఓడల్ని తాళ్ళతో రేవుకు కట్టేవాళ్ళు కూడా అలాగే నేర్చుకుంటారు," అని ఆమె తన బల్లవైపు వెళ్ళిపోయింది.

కూతురు చారు తాగుతూ వివరాలు అందించింది. పేరు ఒరియె. నీగతాలో సిటీ బస్సు నడుపుతుంది. పెద్ద బస్సు. మలుపుల దగ్గర వేలు చూపడం డ్యూటీలో అలవాటై, సెలవుల్లో కూడా వదలడం లేదు.

"ఇంకేం చెప్పింది?"

"అవి చెప్పకూడదు. ఎర్ర తెర వెనక సంగతులు."

"మరి నా సంగతులు?"

"అవి నీవి. ఎర్ర తెరవి కావు," అంది కోతోనె, న్యాయమూర్తిలా.

రెండో రోజు వాన పట్టుకుంది. అలాంటిలాంటి వాన కాదు, ఎక్కడో దక్షిణాన తుఫాను తిరుగుతుంటే దాని పైటచెంగు ఇక్కడిదాకా వచ్చి తడిపినట్టు. చెరువు కనబడటం మానేసింది. పడవ షికారు రద్దయింది, కొండ ఎక్కడం రద్దయింది, కుటుంబాలన్నీ లోపలే ఉండి ఒకరినొకరు భరించవలసి వచ్చింది. "వాన కూడా మన ఇంటి మనిషే," అని పేరెంట్ గారు పట్టపగలే ఉకులేలే తీశాడు. ఇద్దరు తండ్రులు కారులో ఏదో మరిచిపోయామంటూ వానలోకి పారిపోయారు.

ఆ సాయంత్రం స్నానం తర్వాత గిన్నెలు కడిగే చోట ఒరియె షుంపే పక్కన చేరింది.

"క్యాప్సికం ముక్కలు రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుంటారట. పిల్లకి మాత్రం తినకపోతే ఎముకలు పెరగవని చెబుతారట."

"అది... నాకు చిన్నప్పటినుంచీ పడదండి."

"ఎముకలు మీకు సరిపడా పెరిగాయి లెండి. ఇంకోటి. అన్నం ఉడికి రైస్ కుక్కర్ పాట పాడి ఆగిపోగానే దానికి 'థాంక్సండీ' అని చెబుతారా?"

"ఇంట్లో నాకు బదులిచ్చే పెద్దమనిషి అదొక్కటే," అన్నాడు షుంపే, గిన్నె తోముతూ.

ఒరియె వెటకారానికి నోరు తెరిచి, మూసుకుంది. అతను కడిగిన గిన్నె అందుకుని తుడిచింది. ఎవరి గిన్నె వాళ్ళే అన్న నియమం అక్కడ మొదటిసారి తప్పింది.

"మరి మీరొక్కరే ఎందుకొచ్చారు, కుటుంబాలొచ్చే చోటికి?" అనడిగాడు షుంపే.

"చవక. పైగా పెళ్ళిసంబంధాల కంపెనీలో పేరు తీయించుకున్నాను, ఆ పండుగ చేసుకోవడానికి."

"ఎందుకు తీయించుకున్నారు?"

"నేను బస్సు డ్రైవర్నని చెబితే, వాళ్ళు 'రవాణా రంగం' అని రాశారు. సరే అనుకున్నా. ఒకాయన వచ్చాడు. మంచి చొక్కా. 'పెళ్ళయ్యాక ఎటూ మానేస్తారు కదా' అన్నాడు. 'మీరేం మానేస్తున్నారు' అన్నాను. కాఫీ మానేసి లేచి వెళ్ళిపోయాడు."

షుంపే నవ్వాడు. నవ్వి చాలా రోజులైనట్టుంది, శబ్దం కొంచెం తుప్పుపట్టి బయటికొచ్చింది. ఒరియె ఆ శబ్దం విని అతనివైపు తిరిగి, అవసరమైనదానికంటే కాస్త ఎక్కువసేపు చూసి, తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచింది.

మూడో రోజుకి హాస్టల్ మొత్తం ఒక నిర్ణయానికొచ్చేసింది. వానలో ఇరుక్కున్న జనానికి వేరే పనేముంటుంది. కవలల తల్లి షుంపే దగ్గరికి వచ్చి, "మీ ఆవిడ మాట కాస్త పదునే గానీ పిల్లని ఎంత బాగా చూసుకుంటుందో" అంది. ఆవిడ మా ఆవిడ కాదని షుంపే చెప్పేలోపు ఆమె కవలల్లో ఒకడు టీపాయ్ ఎక్కడానికి ప్రయత్నించాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పేరెంట్ గారు కెమెరా పట్టుకుని, "కువానో కుటుంబం, ముగ్గురూ దగ్గరగా జరగండి" అన్నాడు. షుంపే ఎర్రబడ్డాడు. ఒరియె మాత్రం, "మేం ముగ్గురం మూడు కుటుంబాలండీ, మూడు ఫొటోలు తియ్యండి" అంది. అందరూ నవ్వారు. కోతోనె నవ్వలేదు. అది షుంపే చూశాడు.

చూసి, మర్నాడే శనివారమని గుర్తొచ్చి, భయపడ్డాడు. భయంలో మనిషి నోట్లోంచి వచ్చేవి చాలావరకు నిజాలే కానీ, తలకిందులుగా వస్తాయి.

గిన్నెల దగ్గర అంతా ఒక్కసారే చెప్పేశాడు. అత్తగారి సంగతి, మాటిచ్చిన సంగతి, సెప్టెంబరు సంగతి. ఒరియె నీళ్ళు కట్టేసి వింది.

"అందుకని, రేపు అత్తయ్య వచ్చినప్పుడు మీరు కూడా మా పక్కన ఉంటే... పిల్లకి ఒక ఆడతోడు ఉందని ఆవిడకు అనిపిస్తుంది."

"ఉంటాను, దాందేముంది."

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. మేష్టార్లు గంట కొట్టినా ఆగరు.

"అసలు ఈ మూడు రోజులుగా నాకు అనిపిస్తోంది. మీలాంటివాళ్ళు ఇంట్లో ఉంటే ఎంత బావుంటుందో అని."

ఒరియె చేతిలో గుడ్డ ఆగింది. "ఇంట్లో అంటే?"

"అంటే... కోతోనెకి స్నానం, జడ, ముందుముందు ఆడపిల్లకి ఎన్నో ఉంటాయి కదా, అవన్నీ నాకు తెలీవు..."

ఒరియె చేతిలోని గిన్నె కింద పెట్టింది. కిటికీ అద్దం మీద వాన మాట్లాడుతోంది.

"కువానో గారూ, మీకు కావలసింది భార్యా, స్నానాలగదికి మనిషా?"

"నా ఉద్దేశం..."

"మనిషైతే చెప్పండి, గంటల లెక్కన దొరుకుతారు. మంచి చొక్కా ఆయన నన్ను ఉద్యోగం మానమన్నాడు. మీరు మర్యాదస్తులు, ఉద్యోగమే ఇస్తున్నారు. జీతం సంగతి కూడా మాట్లాడేసుకుందామా?"

గుడ్డ నాలుగు మడతలు పెట్టి, కొక్కేనికి తగిలించి, వెళ్ళిపోయింది. మలుపు దగ్గర ఈసారి వేలు చాచలేదు, ఖాళీ అనలేదు. అదే షుంపేకి ఎక్కువగా తగిలింది.

ఆ సాయంత్రం స్నానాల వేళకు ఆమె రాలేదు. ఎర్ర తెర ముందు తండ్రీ కూతుళ్ళు మళ్ళీ మొదటి రోజులాగే నిలబడ్డారు.

"అక్కకి నీ మీద కోపమొచ్చిందా నాన్నా?"

"వచ్చింది."

"తప్పు చేశావా?"

"చేశాను. కవలల వాళ్ళమ్మని అడుగుతాను ఉండు."

"ఎందుకు?" అంది కోతోనె, నిజంగానే అర్థంకాక. "స్నానం నేనే చేసుకుంటానుగా."

"నీ ఒక్కదానివే?"

"మొదటి రోజు ఒక్కటే అక్క తల రుద్దింది. తర్వాతనుంచి అన్నీ నేనే. అక్క తొట్టిలో కూర్చుని 'కుడిచెవి వెనక, ఖాళీ' అని అరుస్తుంది, అంతే. నురగ కళ్ళలో పడకుండా తల ఇలా వెనక్కి పెట్టాలి. చూడు. అక్క చెప్పింది, మీ నాన్నకి చెప్పకు, భయపడతాడు, ముందు బాగా రానీ అని."

తువ్వాలు లాక్కుని తెర కింద నుంచి దూరి వెళ్ళిపోయింది.

షుంపే అక్కడే నిలబడ్డాడు. లోకం ఏమనుకున్నా సరే అనుకున్నాడు. లోపల చెంబు చప్పుడు, నీళ్ళ చప్పుడు, తనకు తానే ఏదో పాడుకుంటున్న సన్నటి గొంతు. ఆ పాట ఉకులేలే మూడు పాటల్లో రెండోది. మొదటిసారి అది వినసొంపుగా ఉంది. తన కూతురికి తన అవసరం ఒకటి తగ్గిన క్షణం అది. గుండెలో ఒక మూల పొంగింది, ఇంకో మూల ఖాళీ అయింది. రెండూ ఒకేసారి జరుగుతాయని ఏ పుస్తకమూ అతనికి చెప్పలేదు.

శనివారం మధ్యాహ్నం కియోఎ గారు టాక్సీ దిగింది. బూడిదరంగు దుస్తులు, చేతిలో తోయామా చేపన్నం డబ్బాలు, కళ్ళజోడు వెనక సోదా చేసే కళ్ళు. పేరెంట్ గారు "ఇంటికొచ్చారా, రండి రండి" అంటే, "ఇది నా ఇల్లు కాదు నాయనా, మొదటిసారి వస్తున్నాను" అని చెప్పి చెప్పులు విప్పింది. పేరెంట్ గారు ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి రెండో మాట వెతుక్కోవలసి వచ్చింది.

గది చూసింది. పక్కలు చూసింది. కోతోనె గోళ్ళు చూసింది. జడ దగ్గర ఆగింది. "ఇది ఎవరు వేశారు?"

"నేనేనండి అత్తయ్యా."

"ఎలకలు కొరికినట్టుంది."

"నిన్న ఇంకా ఘోరంగా ఉంది అమ్మమ్మా," అంది కోతోనె, తండ్రిని వెనకేసుకొస్తూ.

భోజనాల గదికి వస్తే, ఒరియె ఆ మూలనే ఉంది. షుంపే అటు చూస్తే ఆమె కిటికీ చూస్తుంది. ఆమె ఇటు చూసినప్పుడు అతను చాపను చూస్తాడు. ఇద్దరూ ఒకేసారి తలెత్తిన ఒక్కసారీ, మధ్యలోకి కవలలు పరుగెత్తుకొచ్చారు.

సాయంత్రం కియోఎ గారు తువ్వాలు భుజాన వేసుకుని అసలు సంగతికొచ్చింది. "ఏడు నిండాయి కదా. ఇన్ని రోజులూ స్నానం ఎవరు చేయించారు?"

షుంపే అబద్ధం వెతుక్కోలేదు. "మొదటి రోజు ఇంకొకరిని బతిమాలాను. తర్వాత తనే చేసుకుంటోంది."

"తనే?" ఆవిడ నమ్మలేదు. "పద తల్లీ, నేను చేయిస్తాను."

"నువ్వు రా అమ్మమ్మా," అంది కోతోనె, ఇంటివాళ్ళు చుట్టాన్ని పిలిచినట్టు.

వాళ్ళు లోపలికి వెళ్ళిన కాసేపటికి ఒరియె కూడా వచ్చింది. షుంపేని దాటుకుని, పలకరించకుండా తెర ఎత్తింది. షుంపే స్నానం తర్వాత తాగే పాలసీసాల ఫ్రిజ్ పక్క బల్లమీద కూలబడ్డాడు. లోపలినుంచి మాటలు వినబడుతున్నాయి గానీ, ఆవిరిలో నాని అర్థం ఊడిపోయి వస్తున్నాయి. ఒకసారి అత్తగారి గొంతు గట్టిగా. ఒకసారి ఒరియె గొంతు నిదానంగా. ఆ తర్వాత చాలాసేపు నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ నిశ్శబ్దంలో షుంపే కూతుర్ని తోయామా రైలెక్కించాడు, కిటికీలోంచి చెయ్యూపాడు, ఒంటరిగా ఇంటికొచ్చి కుక్కర్‌తో మాట్లాడాడు.

కియోఎ గారే ముందు బయటికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"సబ్బు పడింది," అంది, అడగకముందే. వచ్చి బల్లమీద పక్కన కూర్చుంది. "నేను రుద్దుతాను రావే అంటే, అయిపోయింది అమ్మమ్మా అంది. చెవుల వెనక చూశాను. శుభ్రంగా ఉంది. తర్వాత నా వెనక్కి వచ్చి నా వీపు రుద్దింది. ఇంతింత చేతులతో."

షుంపే బల్లమీద ఆవిడకు ఇంకాస్త చోటిచ్చాడు.

"ఆ బస్సు పిల్ల ఉందే, దాని నోరు చూశావా. తొట్టిలో కూర్చుని నాతో ఏమందో తెలుసా? 'పెద్దమ్మగారూ, పాపకి స్నానం చేయించే మనిషి అక్కర్లేదు. మీకే కావాలేమో చూసుకోండి' అంది." ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంది. "తిడదామనుకున్నాను. నోరు తిరగలేదు. నా వీపు ఒకళ్ళు రుద్ది నాలుగేళ్ళయింది. పండక్కొచ్చినప్పుడల్లా మా అమ్మాయే రుద్దేది."

"అత్తయ్యా, మీరే నగోయా రండి. నెలకోసారి. ఎన్ని రోజులుంటే అన్ని రోజులు."

"నీ వంట నేను తినలేను."

"మీరే వండండి."

"అదీ మాట." ఆవిడ లేచి ఫ్రిజ్‌లోంచి పాలసీసా తీసి మూత లాగింది. సగం తాగాక, వాతావరణం గురించి చెబుతున్నట్టు అంది. "మా అమ్మాయికి నోరున్నవాళ్ళంటే ఇష్టం. ఆ బస్సు పిల్ల దానికి నచ్చేది. నిన్నెందుకు చేసుకుందో మాత్రం నాకిప్పటికీ తెలీదు."

షుంపే నవ్వబోయి ఆగాడు.

"అలా కూర్చోకు. రేపు పొద్దున బస్సుకి వెళ్ళిపోతోందట ఆ పిల్ల. నాతో చెప్పింది. నీతో చెప్పలేదంటే చెప్పాలని ఉందన్నమాట."

ఆదివారం పొద్దున వాన సన్నబడింది గానీ ఆగలేదు. హాస్టల్ కింద రోడ్డుమీద బస్‌స్టాపు. రేకుల నీడ కింద ఒరియె సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుని నిలబడి ఉంది. షుంపే గొడుగు మర్చిపోయి పరుగెత్తుకొచ్చాడు. కళ్ళజోడు అద్దాలమీద చినుకులు. అవి తీసి చొక్కాకి తుడుచుకుని మరింత మసక చేసుకున్నాడు.

"పాప బాగుందా?" అంది ఒరియె.

"బాగుంది. అత్తయ్య పిల్లని అడగడం మానేశారు. వాళ్ళిద్దరూ పొద్దున్నే స్నానానికి వెళ్ళారు. మళ్ళీ."

"మంచిది."

"ఒరియె గారూ, మీకొకటి చెప్పాలి. మీతో నాకిప్పుడు పనేమీ లేదు."

ఆమె కనుబొమలు లేచాయి. "అది చెప్పడానికి వానలో వచ్చారా?"

"అవును. స్నానం పిల్ల తనే చేసుకుంటుంది. జడ నేను వేస్తాను, ఎలకలు కొరికినట్టే అయినా సరే. ఆడపిల్ల సంగతులు చెప్పడానికి వాళ్ళమ్మమ్మ నెలనెలా వస్తుంది. రాత్రంతా ఆలోచించాను. మీతో పడే పని ఒక్కటి కూడా మిగల్లేదు. అయినా మీరు వెళ్ళిపోతుంటే బాగాలేదు. ఏ పనీ లేకుండా బాగాలేదు. మొన్న తప్పుగా అడిగాను. ఇప్పుడైతే అడగొచ్చనిపించింది."

ఒరియె రోడ్డు మలుపువైపు చూస్తూ ఉండిపోయింది. పెదవి కొరుక్కుంది. వెటకారం వెతుక్కుంటున్నట్టుంది, కానీ ఎప్పుడూ చేతికందే చోట ఉండేది ఇవాళ దొరకలేదు.

"బస్సు నేను మానను," అంది చివరికి.

"మానమని ఎవరన్నారు. మీది ఏ రూటో చెప్పండి చాలు. వచ్చే ఆదివారం నీగతా వచ్చి మీ బస్సెక్కి కూర్చుంటాం. కోతోనె ముందు సీటు అడుగుతుంది."

"నడుస్తున్నప్పుడు డ్రైవర్‌తో మాట్లాడకూడదు. బోర్డు ఉంటుంది."

"మాట్లాడను. చివరి స్టాపుదాకా నోరెత్తను."

"మీరా?"

"ప్రయత్నిస్తాను. చివరి స్టాపులో ఎంతసేపు ఆగుతుంది?"

"పది నిమిషాలు."

"చాలవు."

కొండ మలుపు తిరిగి బస్సు వచ్చింది. తలుపు తెరుచుకుంది. ఒరియె సంచీ ఎత్తుకుని ఎక్కి, డ్రైవర్‌కి తోటి ఉద్యోగిలా తల వంచి, కిటికీ పక్క కూర్చుంది. బస్సు కదలబోతుండగా అద్దం పక్కకు జరిపి తల బయటపెట్టింది. వాన ఆమె పొట్టి జుట్టుమీద పడుతోంది. మొహం స్నానం చేసొచ్చినంత ఎర్రగా ఉంది.

"పదకొండో నంబరు. స్టేషను ముందునుంచి సముద్రం దాకా," అంది. "చాలకపోతే దిగకండి. తిరుగు ప్రయాణానికి కూడా టికెట్ కొట్టించుకోండి."